సెలవులకు వచ్చి మందులు కొనుక్కెళ్ళేవారికి ఒక మనవి



డిసెంబరు రెండవ వారం మొదలుకొని సంక్రాంతి దాటేవరకు మన ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర వరుస మామూలు కంటె పొడవుగా ఉంటుంది. క్రిస్మస్‌కు అమెరికా నుండి, గల్ఫ్ నుండి, ఆస్ట్రేలియా నుండి మన సంఘాల పిల్లలు ఇంటికి వస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆవకాయ, కందిపొడి, అరిసెలతో బాటు మందులు కూడా పెట్టెలో సర్దుకుంటారు. ఫోనులో ఒక జాబితా ఉంటుంది. ఏడాదికి సరిపడా థైరాయిడ్ బిళ్ళలు, కొలెస్టరాల్ మాత్రలు, నాలుగైదు కోర్సుల అజిత్రోమైసిన్, పిల్లల దగ్గు మందులు, ఒకటి రెండు స్ట్రిప్పుల నిద్రమాత్రలు. "చీటీ ఏదండీ?" అంటే "ఇండియాలో కూడా చీటీ అడుగుతారా?" అని నవ్వుతారు. చీటీ లేక కౌంటరులో ఇవ్వకపోతే సాయంత్రానికి ఆ ఇంటి పెద్దల నుండి ఫోను వస్తుంది.

ఈ విషయంలో మన మధ్య రెండు అభిప్రాయాలున్నాయి. "మన పిల్లలే కదా, డబ్బిచ్చి కొనుక్కుంటున్నారు, అడిగినవి ఇచ్చెయ్యండి" అనేవారు కొందరు. "డాలర్లు సంపాదించేవాళ్ళకు మిషను ఆసుపత్రి మందులెందుకు? అసలు ఇవ్వవద్దు" అనేవారు కొందరు. ఇన్నేళ్ళుగా మందుల విభాగంలో పనిచేస్తున్న నాకు ఈ రెండూ సరికాదనిపిస్తుంది.

వేరే దేశం వెళ్ళినప్పుడు అక్కడ చవకగా దొరికే మందు కొనుక్కోవడం పాపమేమీ కాదు. అమెరికావారే ఆ పని చేస్తారు. మెక్సికో సరిహద్దులో లాస్ అల్గోడోనెస్ అనే చిన్న ఊరు ఉంది. మందుల షాపులు, పళ్ళ డాక్టర్లే ఆ ఊరికి జీవనాధారం. అరిజోనా, కాలిఫోర్నియా నుండి పెద్దవాళ్ళు నడిచి సరిహద్దు దాటి మందులు కొనుక్కుని వెళ్తారు. 2019లో ఇన్సులిన్ ధర భరించలేని తల్లిదండ్రులు కొందరు బస్సు కట్టుకుని కెనడా వెళ్ళి కొని తెచ్చుకున్నారు. అక్కడ ఇన్స్యూరెన్సు ఉన్నంతమాత్రాన అన్నీ ఉచితం కావు. చాలా పాలసీలలో ప్రతి ఏడాది మొదటి కొన్ని వందల డాలర్లో, కొన్ని వేల డాలర్లో సొంత జేబులో నుండే పెట్టుకోవాలి. చదువుకోవడానికి వెళ్ళిన పిల్లలు, ఉద్యోగం పోయి ఇంకొకటి వెతుక్కుంటున్నవారు, కూతురి పురుడుకు వెళ్ళిన అమ్మమ్మలు, వీళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి "డాలర్లు సంపాదించేవాళ్ళు" అని అందరినీ ఒకే గాటన కట్టవద్దని నా మనవి.

మన దగ్గర చవక ఎందుకో కూడా తెలిసి ఉండాలి. నాసిరకం కావడం వల్ల చవక కాదు. 1970లో చేసిన పేటెంటు చట్టం 1972 నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉండేది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకునే వీలు మన కంపెనీలకు దొరికింది. 2005 జనవరి 1 నుండి మందుకే పేటెంటు ఇచ్చే విధానం మళ్ళీ వచ్చినా, ఆ ముప్ఫై ఏళ్ళలో మన పరిశ్రమ వేళ్ళూనుకుపోయింది. హైదరాబాదులోని ఐ.డి.పి.ఎల్. ఎందరో తెలుగువారికి మందుల తయారీ నేర్పింది. డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డిగారు కూడా మొదట అక్కడ పనిచేసినవారే. ఈనాడు అమెరికా షాపులో అమ్మే బిళ్ళలోని అసలు మందు శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలోనో, విశాఖ దగ్గర పరవాడలోనో తయారై ఉండవచ్చు. దానికి తోడు అత్యవసర మందులకు ఇంతకు మించి అమ్మకూడదని ప్రభుత్వం ఇక్కడ ధర నిర్ణయిస్తుంది. అందుకే మామూలు షుగరు బిళ్ళ, బీపీ బిళ్ళ రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది.

అయితే మన పిల్లలు ఒక లెక్క మరచిపోతున్నారు. అమెరికాలో అన్ని మందులూ ఖరీదు కావు. 2006లో వాల్‌మార్ట్ సంస్థ చాలా పాత జనరిక్ మందులను నెలకు 4 డాలర్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. మెట్‌ఫార్మిన్, లిసినోప్రిల్ వంటివి అందులో ఉన్నాయి. వాటికి ఇన్స్యూరెన్సు కూడా అక్కరలేదు. ఇన్సులిన్ సంగతి కూడా మారింది. 65 ఏళ్ళు దాటినవారికి అక్కడి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్‌లో 2023 నుండి నెలకు 35 డాలర్లు మించకూడదని చట్టం వచ్చింది. అదే సంవత్సరం పెద్ద కంపెనీలు కూడా ధరలు బాగా తగ్గిస్తున్నట్టు ప్రకటించాయి. పదేళ్ళ క్రితం విన్న ధరను పట్టుకుని పెట్టెడు మెట్‌ఫార్మిన్ మోసుకెళ్ళడం కంటె, అక్కడి షాపులో ఒకసారి ధర అడిగి చూడడం మేలు. అడిగాక కూడా తేడా ఎక్కువగా ఉంటే అప్పుడు కొనుక్కోండి.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఇన్సులిన్ సీసా. మన దేశంలో సీసాలలో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండేది. దానికి ఎర్ర మూత ఉన్న 40 సిరంజి వాడతాం. అమెరికాలో సీసాలోనైనా పెన్నులోనైనా మామూలుగా ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు. అక్కడ నారింజ రంగు మూత ఉన్న 100 సిరంజి. ఇక్కడి సీసా తీసుకెళ్ళి, సిరంజిలు అయిపోయాయని అక్కడి సిరంజితో 20 గీత వరకు లాగితే లోపలికి పోయేది 8 యూనిట్లే. షుగరు ఎందుకు దిగడంలేదో ఎవరికీ అర్థం కాదు. తారుమారైతే ఇంకా ప్రమాదం. అక్కడి సీసాలోంచి మన ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు. వయసు మళ్ళిన మనిషి రాత్రి ఆ మోతాదు వేసుకుని పడుకుంటే తెల్లవారేసరికి స్పృహలో ఉండకపోవచ్చు. సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా, సిరంజి మీద ఏమి ఉంది, ఈ రెండు అంకెలు కలిశాయా అని చూడడం చదువురాని అమ్మమ్మకు కూడా నేర్పవచ్చు. మన వార్డులో సిస్టర్లు ప్రతిరోజూ నేర్పుతూనే ఉన్నారు. ఇక్కడి ఇన్సులిన్ తీసుకెళ్తే ఇక్కడి సిరంజిలు కూడా లెక్కకు సరిపడా తీసుకెళ్ళాలి. ఐస్ ప్యాకుతో చేతి సంచిలో పెట్టుకోవాలి గాని, ఐస్ నేరుగా సీసాకు తగలకూడదు. విమానం కింద సామానులో వేస్తే గడ్డకట్టే ప్రమాదముంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

పిల్లల దగ్గరకు ఆరునెలలు ఉండడానికి వెళ్ళే తల్లిదండ్రులది మరో ఇబ్బంది. ఇక్కడ మన డాక్టర్లు రాసే కొన్ని మందులు అమెరికాలో అసలు లేవు. షుగరుకు గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, బీపీకి సిల్నిడిపిన్, గుండె కవాటం మార్చుకున్నవారికి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎసిట్రోమ్, ఇవేవీ అక్కడ అమ్మరు. మూడు మందులు కలిపిన మన షుగరు బిళ్ళలు కూడా చాలావరకు అక్కడ దొరకవు. బిళ్ళలు అయిపోయి స్ట్రిప్పు తీసుకుని షాపుకు వెళితే అక్కడి ఫార్మసిస్టు ఆ పేరే వినలేదంటాడు. ఎసిట్రోమ్‌కు బదులు అక్కడ వార్ఫరిన్ ఇస్తారు. రెండూ ఒకే పని చేసేవే గాని మోతాదు ఒకటి కాదు. మిల్లీగ్రాములు చూసి "అంతే వేసుకో" అని అల్లుడు చెప్పకూడదు. రక్తపరీక్ష చేసి డాక్టరే చెప్పాలి. అందుచేత ఇటువంటివారు ప్రయాణానికి నెల ముందే మన ఓ.పి.లో చూపించుకుని, అక్కడ దొరికే మందుకు ఇక్కడే మారి, అది ఒంటికి పడిందో లేదో చూసుకుని వెళ్ళడం మంచిది. పెద్దవాళ్ళు దీనికి బద్ధకిస్తారు. "నెల ఎందుకండీ, ఆరునెలలకూ కట్టించెయ్యండి" అంటారు.

పేర్ల గందరగోళం కూడా చిన్నది కాదు. మనం పారాసెటమాల్ అనేదాన్ని అమెరికాలో అసిటమినోఫెన్ అంటారు, టైలనాల్ పేరుతో దొరుకుతుంది. జ్వరమని ఇక్కడి నుండి తెచ్చుకున్న డోలో వేసుకుని, తగ్గలేదని కోడలు ఇచ్చిన టైలనాల్ కూడా వేసుకుంటే ఒకే మందు రెండింతలు పోయినట్టే. లివరుకు అది మంచిది కాదు. ఆస్తమాకు వాడే మన సాల్‌బ్యూటమాల్ అక్కడ ఆల్‌బ్యుటరాల్. షుగరుకు మన గ్లైబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యురైడ్. కొన్నిచోట్ల పేరు ఒకటే ఉండి లోపల మందు వేరే ఉంటుంది. ఫ్లోమాక్స్ అనేది అమెరికాలో ప్రోస్టేటుకు మందు, ఇటలీలో అదే పేరుతో నొప్పి మందు ఉంది. డైలాకోర్ అనేది అమెరికాలో బీపీకి ఇచ్చిన డిల్టియాజెమ్, సెర్బియాలో గుండెకు ఇచ్చే డిగాక్సిన్. ఇటువంటివాటి గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ అయిన ఎఫ్.డి.ఎ. 2006లోనే హెచ్చరించింది. బ్రాండు పేరు చూసి మందు కొనడం పేరు చూసి పెళ్ళి చేసినట్టే.

ఇక చట్టం. విదేశం నుండి సొంతానికి మందులు తెచ్చుకోవడం అమెరికా చట్టం ప్రకారం సాధారణంగా అనుమతి లేనిదే. కాని సొంత వాడకానికి, మూడు నెలలకు మించకుండా, డాక్టరు చీటీతో తెచ్చుకున్నవాటిని అధికారులు చాలావరకు పోనిస్తారు. అది వారి విచక్షణ, మన హక్కు కాదు. చూడడానికి వెళ్ళిన తల్లిదండ్రులు మూడు నెలలకంటె ఎక్కువ ఉంటే, మిగతా మందులు డాక్టరు ఉత్తరం, చీటీ, పాస్‌పోర్టు, వీసా నకళ్ళతో పార్సెల్‌లో తెప్పించుకునే దారి ఉంది. ఏడాదికి సరిపడా పన్నెండు డబ్బాలు, అందులో నాలుగు డబ్బాలు స్నేహితులవి, ఇది మాత్రం "సొంత వాడకం" కిందకు రాదు. నిద్రమాత్రలు, ఆందోళనకు ఇచ్చే ఆల్‌ప్రజోలమ్ వంటివి ఇంకా కఠినం. ఇక్కడ కూడా అవి స్ట్రిప్పు మీద ఎన్.ఆర్.ఎక్స్. అని ముద్రించి ఉన్నవి, చీటీ లేకుండా ఇచ్చినవాడిది తప్పే.

గల్ఫ్ వెళ్ళేవారి విషయంలో నాకు నిజంగా భయం. అమెరికాలో మందు పట్టుకుంటే తీసి పారేస్తారు, గల్ఫ్‌లో మనిషినే పట్టుకుంటారు. నడుము నొప్పికి ఇక్కడ ఇచ్చే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, ఆల్‌ప్రజోలమ్, చివరికి షుగరువారికి అరికాళ్ళ మంటలకు రాసే ప్రెగాబాలిన్ కూడా యు.ఎ.ఇ.లో నియంత్రణ ఉన్న మందులు. ముందుగా అక్కడి ఆరోగ్యశాఖ అనుమతి తీసుకుని, చీటీ, డాక్టరు ఉత్తరం వెంట పెట్టుకోవాలి. 2017లో ఒక బ్రిటిష్ యువతి ఈజిప్టుకు 290 ట్రమడాల్ మాత్రలు తీసుకెళ్ళి, అవి నొప్పి మాత్రలే కదా అనుకున్నానని చెప్పినా మూడేళ్ళ శిక్ష పడింది. మన కోనసీమ నుండి, కడప నుండి, కరీంనగర్, నిజామాబాదుల నుండి వెళ్ళే డ్రైవరు తమ్ముళ్ళకు, ఇంటిపనికి వెళ్ళే అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి ఎవరు చెబుతున్నారు? ఏజెంటు చెప్పడు. బయలుదేరే రోజున పక్కింటివారు వచ్చి "మా తమ్ముడికి నొప్పి బిళ్ళలు, కాస్త ఇచ్చెయ్యి" అని ఒక కవరు చేతిలో పెడతారు. మొహమాటానికి తీసుకుంటారు. ఆ కవరు విప్పి ప్రతి స్ట్రిప్పు పేరు చదివి, మీ చీటీలో లేనిది అక్కడే తిరిగి ఇచ్చెయ్యండి. కోపం వస్తే రానివ్వండి. (మందు కాకపోయినా ఇంకొకటి: మాంసం కూరలో వేసే గసగసాలు కూడా అక్కడ నిషేధం. మసాలా పొట్లం కట్టే అమ్మలు ఇది గుర్తుంచుకోవాలి.)

యాంటీబయాటిక్కులు "ఎందుకైనా మంచిదని" తీసుకెళ్ళడం నాకు బొత్తిగా ఇష్టంలేదు. అక్కడ డాక్టరు జలుబుకు అజిత్రోమైసిన్ రాయడంలేదని ఇక్కడ కొనుక్కుంటారు. అక్కడి డాక్టరు రాయకపోవడమే సరియైన వైద్యం. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దానికి ఆ మందు పనిచేయదు. అవసరంలేకుండా వాడినకొద్దీ నిజంగా అవసరమైన రోజున పనిచేయని స్థితి వస్తుంది. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్పు చీటీ లేకుండా కొనవద్దని 2016 నుండి మన ప్రభుత్వమే చెబుతోంది. మన పల్లెల్లో ఆర్.ఎం.పి.లు ఇస్తున్నారు కదా అంటే, అదీ తప్పే, దాని గురించి ఈ పత్రికలో మునుపు చాలాసార్లు రాశాము.

పిల్లల దగ్గు మందుల విషయంలో ఇక్కడివారూ అక్కడివారూ ఆగి ఆలోచించాలి. 2022లో గాంబియా దేశంలో అరవై మందికి పైగా పసిబిడ్డల మరణాలకు మన దేశంలో తయారైన సిరప్పులతో సంబంధం ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. ఆ సిరప్పులలో డైఇథిలీన్ గ్లైకాల్ వంటి విషపదార్థాలు ఉన్నట్టు తేలింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో అదే రకంగా చిన్నపిల్లలు చనిపోయారు. మన మందులు నాసిరకం కాదని పైన రాసినవాడినే, ఇదీ రాయక తప్పదు. అమెరికాకు వెళ్ళే మందు తయారయ్యే ఫ్యాక్టరీని వాళ్ళ ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారు. ఊళ్ళో అమ్మే ప్రతి సీసా వెనుక అంత నిఘా లేదు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు ఇవ్వవద్దని, ఐదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా వద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. మనవడి కోసమని ఆరు సీసాలు అడిగే తాతయ్యలకు మా కౌంటరులో ఇదే చెబుతున్నాము.

చివరగా కొందరికి నచ్చని మాట. మన ఆసుపత్రిలో మందులమీద ఇచ్చే రాయితీ పేదలకోసం ఏర్పరచినది. దానికి సంఘాల కానుకలున్నాయి, రిక్షా తొక్కే సహోదరుడు కవరులో వేసి ఇచ్చిన పది రూపాయలున్నాయి. అమెరికాలో స్థిరపడ్డ కుటుంబం తండ్రిగారి పేరున ఓ.పి. కార్డు తీయించి ఆ రాయితీలో ఏడాది మందులు కట్టించుకోవడం న్యాయం కాదు. మంచి సమరయుని కథ మనకందరికీ తెలుసు. గాయపడినవాడిని సత్రంలో చేర్చి ఖర్చు తానే ఇచ్చాడు గాని, మిషను రేటు ఎంత అని సత్రంవాడిని అడగలేదు. కవరు మీద ఉన్న పూర్తి ధర ఇచ్చినా అక్కడి ధరతో పోలిస్తే చవకే కదా. చేతిలో డబ్బులేని విద్యార్థి వచ్చి నిజం చెబితే, అతనికి సహాయం చేసే దారి సూపరింటెండెంటుగారి దగ్గర ఎప్పుడూ ఉంది. ఆ మాటకొస్తే పెద్ద పట్టణాలలో ప్రధానమంత్రి జనఔషధి దుకాణాలు కూడా ఉన్నాయి, అవి ఎవరైనా కొనుక్కోవచ్చు.

మరి మా వైపు నుండి చేయగలిగినది ఏమిటి? ఇచ్చేది లేదని తలుపు మూస్తే వాళ్ళు వీధి చివర షాపులో చీటీ అడగనివాడి దగ్గర కొంటారు, అంతకంటె ఏమీ జరగదు. అందుకని నేను కోరేది ఇది. అక్కడి డాక్టరు చీటీ ఫోనులో ఉన్నా సరే, మన ఓ.పి. డాక్టరుగారికి చూపించి కొత్త చీటీ రాయించుకోవాలి. మూడు నెలలకు మించి కట్టము. బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు ఇంగ్లీషులో టైపు చేసి డాక్టరు సంతకం, రిజిస్ట్రేషను నంబరుతో ఉత్తరం ఇస్తాము. స్ట్రిప్పులోంచి బిళ్ళలు విప్పి డబ్బాలో పోయవద్దు, కంపెనీ అట్టపెట్టెతోనే తీసుకెళ్ళాలి, మన బిల్లు కూడా దానితోనే ఉంచాలి. థైరాయిడ్ బిళ్ళ కంపెనీ మారితే ఆరు నుండి ఎనిమిది వారాలకు అక్కడ రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ పనికి ఒక పూట పడుతుంది. దయచేసి శంషాబాదు బస్సు రాత్రి తొమ్మిదికి ఉందని సాయంత్రం ఏడు గంటలకు జాబితా పట్టుకుని రాకండి. బయలుదేరే ముందు కనీసం మూడు రోజులుండగా, ఉదయం ఓ.పి. వేళలో రండి.